ఆమె రాయని జవాబు

ఆఫీసులో ఆమెను అందరూ రాతలక్క అంటారు. విదేశాల్లో పై చదువులకు వెళ్ళాలనుకునే పిల్లల తరఫున, "నాకు ఈ చదువే ఎందుకు కావాలి" అని చెప్పే వ్యాసం రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. రోజుకు మూడు, సీజనులో నాలుగు. పిల్లలు ఎదురుగా కూర్చుని పావుగంట మాట్లాడతారు. రాతలక్క నోటుబుక్కులో నాలుగు ముక్కలు గీక్కుంటుంది. వాళ్ళు లేచి వెళ్ళాక ఆ పావుగంటను సాగదీసి రెండు పేజీల జీవితం చేస్తుంది. తాతయ్యకు గుండెపోటు వచ్చినప్పుడే వైద్య పరికరాల మీద ఆసక్తి పుట్టిందని ఎంతమందికి రాసిందో లెక్కలేదు. ఆ తాతయ్యల్లో చాలామంది ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నారు.

సోమవారం మధ్యాహ్నం కౌన్సెలరు ఆమె గది తలుపు సగం తెరిచి తల లోపలికి పెట్టాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు, ఎప్పుడూ పెదాల మీద సిద్ధంగా ఉండే నవ్వు.

"అక్కా, ఆ కాళ్ళ మేస్త్రి కూతురికి ఇంకో వ్యాసం కావాలి. హాస్పిటల్ మేనేజ్‌మెంటుకి. రేపు సంతకానికి వస్తుంది."

"మేనేజ్‌మెంటా? కృత్రిమ కాళ్ళు తయారుచేసే చదువు కదా ఆ పిల్ల అడిగింది?"

"అక్కడ సీటు రాలేదు. మనసు మార్చుకుంది."

తలుపు మూసుకుంది. రాతలక్కకు ఆ మాట ఎందుకో మింగుడుపడలేదు. మనసు మార్చుకునే పిల్లలా అనిపించలేదు ఆ అమ్మాయి. తండ్రి కృత్రిమ కాళ్ళు, చేతులు చేసే మేస్త్రి. తను ఇంజనీరింగు చదివింది. అయినా రోజూ తండ్రి పక్కనే పని. వ్యాసం కోసం వచ్చిననాడు బస్తాలాంటి సంచీలోంచి ఒక లావుపాటి నోటుబుక్కు తీసి టేబులు మీద పెట్టింది. కాలు తొడిగించుకున్న ప్రతి మనిషికీ ఎక్కడ నొప్పెట్టిందో బొమ్మ గీసి, చుక్క పెట్టి రాసుకుంది. "మేడం, దీని గురించి రాయండి. చుక్కలన్నీ ఇంచుమించు ఒకేచోట పడుతున్నాయి. ఎందుకో నాకు తెలుసుకోవాలని ఉంది" అంది. పావుగంటా ఆ చుక్కల గురించే మాట్లాడింది. రాతలక్కకు ఆవలింత వచ్చింది. చుక్కల మీద ఏం రాస్తాం?

కొత్త వ్యాసానికి మార్కుల జాబితా కావాలి. ఆ అమ్మాయి పేరుతో ఉన్న మెయిలు తెరిచింది. ప్రతి విద్యార్థి పేరు మీదా ఆఫీసే ఒక మెయిలు తెరుస్తుంది. పాస్‌వర్డు ఆఫీసు దగ్గరే ఉంటుంది. ఉత్తరాలు పొరపాటున పోకూడదని అలా పెట్టామని చెబుతారు. పిల్లలు తలూపుతారు.

మార్కుల జాబితా కోసం కిందికి జరుపుతుంటే, కాళ్ళ చదువు కోసం ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టిన చలిదేశపు యూనివర్సిటీ పేరు కనిపించింది. రాలేదన్నాడుగా, ఏ కారణం చెప్పారో చూద్దామని నొక్కింది.

మిమ్మల్ని ఎంపిక చేశాం, సంతోషం, అని మొదలైంది ఉత్తరం. రెండేళ్ళ ఫీజు మొత్తం మేమే భరిస్తాం. పదిహేను రోజుల్లోగా మీ అంగీకారం తెలపండి. తేదీ చూసింది. వచ్చి తొమ్మిది రోజులైంది. దాని కిందే జవాబు. "కృతజ్ఞతలు. కుటుంబ కారణాల వల్ల ఈ సీటు స్వీకరించలేకపోతున్నాను." అడుగున ఆ అమ్మాయి పేరు. ఉత్తరం వచ్చిన మర్నాడే పంపేశారు.

కుటుంబ కారణాల వల్ల. ఆ వాక్యం తనదే. పిల్లలు ఎక్కడైనా సీటు వద్దనుకుంటే మర్యాదగా చెప్పడానికి ఏడాది కిందట తనే నమూనా ఉత్తరం రాసి ఆఫీసు కంప్యూటర్లో పెట్టింది. కామా కూడా మారలేదు.

కౌన్సెలరు గదికి వెళ్ళి ప్రింటు అతని ముందు పెట్టింది.

"ఇదేంటి?"

అతను చూశాడు. నవ్వు చెదరలేదు. "అక్కా, అది మన పార్టనరు కాలేజీ కాదు కదా."

"సీటు వచ్చింది. ఫీజు కూడా వాళ్ళే పెట్టుకుంటామన్నారు. పిల్లకు చెప్పకుండా వద్దని రాస్తావా?"

"చెప్తే వెళ్ళిపోతుంది. వెళ్తే మనకేంటి? వాళ్ళు మనకు కమిషనివ్వరు. నాకు ఈ నెల మేనేజ్‌మెంటులో ఇంకా ముగ్గురు కావాలి. నువ్వు రాసే వ్యాసాలు మాత్రం అన్నీ నిజాలేనా ఏంటి? నన్నెందుకలా చూస్తావు?"

ప్రింటు తీసుకుని డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన. గొంతు పెంచడం ఎరగడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు, కాగితం మీద చెయ్యి పెట్టి చదవకుండానే మాట్లాడాడు.

"ఏది మంచి అవకాశమో పిల్లలకేం తెలుసమ్మా? తెలిస్తే మన దగ్గరికెందుకొస్తారు? ఆ ఊళ్ళో ఎవరున్నారు మనకి? రేపు ఆ పిల్లకు అక్కడ జ్వరమొస్తే చూసేదెవరు? మన కాలేజీ అయితే మనవాళ్ళుంటారు. బాధ్యతగా చేసిన పని ఇది."

"ఆ పిల్లను ఒక్క మాట అడగాల్సింది కదండీ."

"అడిగితే అయోమయంలో పడుతుంది" అన్నాడాయన మెత్తగా. కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు. "నువ్వు వ్యాసం చూడు తల్లీ. రేపు సంతకం ఉంది."

మంగళవారం పదింటికి ఆ అమ్మాయి వచ్చింది. రాతలక్కకూ కౌన్సెలరుకూ మధ్య ఉన్నది అద్దాల గోడ. తలుపు తీసి ఉంటే అన్ని మాటలూ వినిపిస్తాయి. ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. చేతులు కడుక్కుని వచ్చినట్టుంది కానీ గోళ్ళ చివర తెల్లటి పొడి ఇంకా ఉంది.

"బాధపడకమ్మా" అన్నాడు కౌన్సెలరు. "ఒక తలుపు మూసుకుంది, అంతే. ఇదిగో, మీకింకా ఆరు ఆప్షన్లున్నాయి." రంగుల కాగితం తిప్పి ఆమె వైపు జరిపాడు. "ఇది ఏడాది కోర్సు. ఇది ఏడాదిన్నర. దీంట్లో చదువయ్యాక రెండేళ్ళు అక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. మీ మార్కులకు ఇదే సరిగ్గా సరిపోతుంది."

ఆరూ పార్టనరు కాలేజీలే. ఆరింటిలో ఏ ఒక్కదాంట్లోనూ కాళ్ళు చేసే చదువు లేదు.

అమ్మాయి కాగితం ముట్టుకోలేదు. "ఎందుకు రాలేదో రాశారా సార్? ఏం తక్కువైందో తెలిస్తే దిద్దుకుని మళ్ళీ పెట్టుకుంటాను."

"వాళ్ళు కారణాలు చెప్పరమ్మా."

"ఒక్క ముక్క కూడా?"

"ఒక్క ముక్క కూడా."

ఆమె తల దించుకుంది. వేలితో ఇంకో వేలి గోరును గీరుతూ కాసేపు కూర్చుంది. తర్వాత తలెత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా రాతలక్క వైపు చూసింది.

"మేడం, నేను చెప్పడం సరిగ్గా చెప్పలేదా? మీ వ్యాసం బాగానే ఉండి ఉంటుంది. నేనే ఏదో సరిగ్గా చెప్పలేదనుకుంటా."

కౌన్సెలరు కూడా తల తిప్పి చూశాడు. నవ్వుతూనే ఉన్నాడు.

అదీ క్షణం. చెప్పాలంటే నాలుగు మాటలు. నీకు సీటు వచ్చింది తల్లీ. "బాగానే చెప్పావమ్మా" అంది. అని, కంప్యూటరు వైపు తిరిగి, ఏమీ లేని తెర మీద ఏదో వెతికింది.

"ఇంట్లో నాన్నతో మాట్లాడి రేపు సంతకం పెడతాను" అని అమ్మాయి లేచింది. వెళ్తూ వెళ్తూ రాతలక్కకు నమస్కారం పెట్టింది. చెంపదెబ్బ కొట్టి ఉంటే ఇంకాస్త తేలికగా ఉండేది.

ఆ సాయంత్రం బస్సులో రాతలక్క నిలబడే ఉంది. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. కౌన్సెలరు మీద, ఆ మెత్తటి పెద్దాయన మీద, కోపం రగులుతూనే ఉంది. ఆ కోపం వాళ్ళిద్దరి దగ్గరే ఆగితే బాగుండేది. ఆగలేదు. బాగానే చెప్పావమ్మా, బాగానే చెప్పావమ్మా అని తన గొంతే చెవిలో మోగింది. ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే తల్లికి చెప్పింది, రేపు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తానని. తల్లి ఎందుకని అడిగితే, "ఒకళ్ళ ఉత్తరం ఒకళ్ళకు ఇవ్వాలి" అంది.

బుధవారం పొద్దున్న ఫైల్లో ఉన్న చిరునామా పట్టుకుని వెళ్ళింది. ఆస్పత్రి వెనకవైపు సందులో రేకుల షెడ్డు. గోడకు వరసగా కాళ్ళు వేలాడుతున్నాయి. పెద్దవి, చిన్నవి, మోకాలి దాకా ఉన్నవి, తొడ దాకా ఉన్నవి. కింద నేలంతా తెల్లటి పొడి, అందులో అడుగుల గుర్తులు. ఒక మూల రంపం, ఇంకో మూల పొయ్యి మీద ప్లాస్టిక్ రేకు మెత్తబడుతోంది. కాలిన వాసన.

మధ్యలో ఎత్తు బల్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. మోకాలి కింద కాలు లేదు. ఆ మిగిలిన కాలికి కాళ్ళ మేస్త్రి కూతురు తడి ప్లాస్టరు పట్టీ చుడుతోంది. చుట్టి, రెండు బొటనవేళ్ళూ మోకాలి చిప్పకు కింద రెండువైపులా పెట్టి నొక్కి పట్టుకుంది.

రాతలక్కను చూసి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మేడం! మీరా? కూర్చోండి. ఇది గట్టిపడేదాకా నేను చెయ్యి తీయకూడదు. అయిదు నిమిషాలు."

కూర్చోవడానికి మనసొప్పలేదు. నిలబడే చెప్పింది. "నీకు సీటు వచ్చిందమ్మా. ఎంపిక చేశామని వాళ్ళు రాశారు. ఫీజు లేకుండా. వచ్చి పదకొండు రోజులైంది. నీ పేరుతో మా ఆఫీసువాళ్ళే వద్దని జవాబిచ్చేశారు. నిన్న నువ్వడిగినప్పుడు నాకు తెలుసు. చెప్పలేదు."

అమ్మాయి చేతులు కదల్లేదు. కదిలితే అచ్చు చెడిపోతుంది. బల్ల మీది ఆవిడ ఒకసారి ఈమె వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది. అమ్మాయి మెడ నరాలు మాత్రం ఉబ్బాయి. కళ్ళు ఆ ప్లాస్టరు మీదే ఉన్నాయి. బొటనవేళ్ళు తెల్లగా పాలిపోయేదాకా నొక్కిపెట్టి, పట్టీ వేడెక్కి, ఆరి, గట్టిపడేదాకా అలాగే ఉండిపోయింది. రాతలక్కకు ఆ అయిదు నిమిషాలు ఆఫీసులో గడిపిన నాలుగేళ్ళకంటే పొడుగ్గా అనిపించాయి.

తర్వాత అచ్చును మెల్లగా ఊడదీసింది. ఆవిడ కాలు తడిగుడ్డతో తుడిచింది. "ఎక్కడైనా నొక్కుకుపోయిందా అమ్మా?" అని అడిగి, లేదన్నాక, అచ్చును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది.

"చూపించండి."

రాతలక్క ఫోనులో దించుకున్న ఉత్తరాలు చూపించింది. అమ్మాయి నిలబడి మొత్తం చదివింది. జవాబు రెండుసార్లు చదివింది. "కుటుంబ కారణాలు" అంది పైకి. ఆ మాటను ఉమ్మేసినట్టు అంది. "మా కుటుంబంలో ఉన్నది మేమిద్దరం. మాలో ఎవరి కారణం?"

తర్వాత ఇంకొంచెం పైకి జరిపింది. దరఖాస్తుతో పాటు వెళ్ళిన వ్యాసం కనిపించింది. రాతలక్క ఫోను వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచింది కానీ అప్పటికే ఆలస్యమైంది. ఆ అమ్మాయి తన వ్యాసాన్ని చదవడం అదే మొదటిసారి. ఆఫీసులో ఎవరినీ చదవనివ్వరు. కింద సంతకం పెట్టమంటారు.

"మా నాన్నకు కాలు ఎప్పుడు పోయింది?"

ఆ అమ్మాయి తెర మీది వాక్యాన్ని పైకి చదివింది.

"'నా పదో ఏట ఒక ప్రమాదంలో నాన్న కుడికాలు కోల్పోయినప్పుడు, నా చిట్టి చేతులతో ఆయనకు మొదటి కాలు తయారుచేశాను.' ఇది మీరు రాశారా? నా పేరు మీద?"

సరిగ్గా అప్పుడే వెనక తలుపులోంచి కాళ్ళ మేస్త్రి వచ్చాడు. చేతిలో ఆకురాయి. నిక్షేపంలాంటి రెండు కాళ్ళ మీద, చకచకా నడుచుకుంటూ. "ఎవరమ్మలూ?" అన్నాడు.

కూతురు ఆయనకు ఆ వాక్యం చదివి వినిపించింది. ఆయన ఒక్క క్షణం తన కుడికాలు వైపు చూసుకున్నాడు. నవ్వుతాడేమో అనుకుంది రాతలక్క. నవ్వలేదు.

"ముప్ఫై ఏళ్ళుగా కాళ్ళు పోయినవాళ్ళ మధ్య బతుకుతున్నానమ్మా" అన్నాడు. "ఈ బల్ల మీద కూర్చున్నవాళ్ళెవరూ దాన్ని కథగా చెప్పలేదు నాకు. ఎక్కడ నొప్పో చెప్తారు. అంతే."

రాతలక్కకు కూర్చోవాలనిపించింది. కుర్చీ లేదు. "జాలి కలిగితే సీటు ఇస్తారని..." అంది.

అమ్మాయి కోపం ఇప్పుడు బయటికి వచ్చింది. అరవలేదు. కానీ ఒక్కో మాటా చెక్కినట్టు పడింది. "మీ ఆఫీసాయన నా సీటు తీసేశాడు. సరే, దొంగ అనుకుంటాను. మీరేం చేశారు? నేను పావుగంట కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. నా నోటుబుక్కు మీ ముందు పెట్టాను. అదేదీ పనికిరాలేదా మీకు? మా నాన్న కాలు నరికితే తప్ప నా చదువుకు విలువ రాదనుకున్నారా?"

"తప్పే" అంది రాతలక్క. జీవితంలో మొదటిసారి ఒక వాక్యాన్ని సాగదీయబుద్ధి కాలేదు.

మేస్త్రి బల్ల కింది నుంచి పీట జరిపాడు. "కూర్చోండమ్మా. వచ్చి చెప్పారు కదా. ఇప్పుడేం చెయ్యాలో చూద్దాం."

యూనివర్సిటీవాళ్ళకు రాయాలి. ఆ జవాబు నేను రాసింది కాదు అని. అలా అంటే నమ్మడానికి సాక్ష్యం కావాలి. సాక్ష్యం రాతలక్కే. తన పేరు, తన ఉద్యోగం, ఆఫీసులో పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉంటాయి, ఆ జవాబు ఎవరు పంపారు, అన్నీ రాసి సంతకం పెట్టాలి. పెడితే ఆ ఉద్యోగం ఆ రోజుతో సరి. తెలిసే వచ్చింది కాబట్టి కాగితం అడిగి రాయడం మొదలుపెట్టింది.

"వ్యాసం గురించి కూడా రాయండి" అంది అమ్మాయి.

రాతలక్క పెన్ను ఆపింది. "అది వద్దమ్మా. అబద్ధం ఉందని మనమే చెప్తే సీటు ఎలా ఇస్తారు? ముందు సీటు వెనక్కి రానీ. ఆ సంగతి వాళ్ళకు తెలియదు కదా."

అమ్మాయి గోడ మీంచి ఒక కాలు దించి ఆమె ముందు నిలబెట్టింది. "ఇది ఒక్క సెంటీమీటరు పొట్టిగా చేశామనుకోండి. తొడుక్కున్న మొదటిరోజు తెలియదు. నడుస్తారు, సంతోషపడతారు. ఆరు నెలలకు నడుం నొప్పి. ఏడాదికి రెండో కాలు కూడా పాడవుతుంది. నేను అక్కడికెళ్ళి రెండేళ్ళు, మా నాన్నకు కాలు లేదన్న అబద్ధం మోసుకుంటూ తిరగలేను. రాయండి."

రాతలక్క రాసింది. ఈ దరఖాస్తులోని వ్యాసం నేను రాశాను. అందులో తండ్రి ప్రమాదం నా కల్పన. విద్యార్థినికి ఆ వ్యాసం చూపించలేదు. పది వాక్యాలు. అలంకారపు మాటలు ఒక్కటీ లేవు. అమ్మాయి తనవి ఇంకో అయిదు వాక్యాలు స్వయంగా రాసుకుంది. భాష అక్కడక్కడ తడబడింది. దిద్దనా అని రాతలక్క అడగబోయి ఊరుకుంది. కొత్తగా ఆమె సొంత మెయిలు తెరిచి, అందులోంచి పంపారు.

గురువారం మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. నాలుగింటికి వీడియోలో మాట్లాడదాం అని. రాతలక్క ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు. ఫోను మోగుతూనే ఉంది. తియ్యలేదు. షెడ్డులో బల్ల మీద ఖాళీ డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించారు. మేస్త్రి రంపం ఆపేశాడు. శుభ్రమైన చొక్కా వేసుకుని దూరంగా నిలబడ్డాడు.

తెర మీద తల నెరిసిన ప్రొఫెసరమ్మ కనిపించింది. పలకరింపులు అయ్యాక ఆవిడ మొదట అడిగింది: "మీ నాన్నగారు ఉన్నారా?"

మేస్త్రి ముందుకొచ్చాడు. ఆవిడ చూసి తలూపింది. తర్వాత మాట్లాడిన మాటలు రాతలక్క పక్కనుంచి వింటూ ఉంది.

"ఇలాంటి ప్రమాదాల కథలు మాకు ఏటా బోలెడు వస్తాయి. ఒక్క చేతి రాతలాగే ఉంటాయి అన్నీ. మీ వ్యాసం చదివి కమిటీలో ఇద్దరు మీ దరఖాస్తు పక్కన పెట్టేయమన్నారు. దాంతోపాటు మీరు జతచేసిన బొమ్మలు చూశాం. చుక్కలు పెట్టినవి. అవి చూసి మిమ్మల్ని తీసుకున్నాం. ఆ వ్యాసం ఉన్నా తీసుకున్నాం."

ఆ వ్యాసం ఉన్నా. రాతలక్క గోడకు ఆనుకుంది. ఆ బొమ్మలు జతచేయమని అమ్మాయి మూడుసార్లు ఫోను చేస్తే, పోరు పడలేక ఎక్కించింది తనే. అనవసరపు కాగితాలని విసుక్కుంటూ ఎక్కించింది. నాలుగేళ్ళుగా పిల్లలను ఒడ్డు చేరుస్తున్నాననుకుంది. ఎంతమంది దరఖాస్తులు తన వ్యాసం వల్లే పక్కకు పోయాయో ఇప్పుడెవరు చెబుతారు?

"మరి సీటు?" అని అడిగింది అమ్మాయి.

ప్రొఫెసరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీ జవాబు రాగానే వరసలో ఉన్న ఇంకొకరికి ఇచ్చేశాం. వారు ఒప్పుకున్నారు కూడా. వాళ్ళ దగ్గర్నుంచి లాక్కోలేను. వచ్చే ఏడాదికి దరఖాస్తు పెట్టండి. ఫీజు రాయితీ మళ్ళీ పోటీలోనే. నేను మాట ఇవ్వలేను. కానీ ఈసారి మీరు రాసింది మాత్రమే పంపండి."

ఫోను తెర ఆరిపోయింది. ఒక మనిషి ఒక నెల లెక్క చూసుకోవడం కోసం ఈ పిల్ల బతుకులో ఒక ఏడాది గీత గీసి కొట్టేశాడు. దానికి అతనికి పట్టిన సమయం ఒక నిమిషం. తన నమూనా ఉత్తరం సిద్ధంగా ఉంది కాబట్టి అర నిమిషమే.

"లాక్కోలేనని చెప్పింది కదా, అది బాగుంది" అన్నాడు మేస్త్రి చివరికి. ఆకురాయి తీసుకుని నిన్నటి అచ్చు దగ్గర కూర్చున్నాడు కానీ పని మొదలుపెట్టలేదు.

అమ్మాయి ఏడవలేదు. నోటుబుక్కు సంచీలో పెట్టుకుంటూ, "నా అసలు సర్టిఫికెట్లు మీ ఆఫీసులోనే ఉన్నాయి. రేపు వస్తాను" అంది. సంచీ భుజాన వేసుకుని, "మీరు కూడా రండి. అవి ఎవరి దగ్గరుంటాయో మీకు తెలుసు" అంది.

శుక్రవారం పదకొండింటికి వెయిటింగు హాలు కిటకిటలాడుతోంది. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, చేతుల్లో టోకెన్లు, రంగుల కాగితాలు. ఎవరికో వీసా వచ్చిందని గంట మోగితే అందరూ చప్పట్లు కొట్టారు. కాళ్ళ మేస్త్రి కూతురు టోకెను తీసుకోకుండా నేరుగా కౌన్సెలరు గదిలోకి వెళ్ళి కూర్చుంది. రాతలక్క హాలు మధ్యలో నిలబడింది. తనకు ఇంతమంది ముందు మాట్లాడటం అలవాటు లేదు. గొంతు కీచుగా వచ్చింది.

"మీ పిల్లల పేరు మీద ఇక్కడ ఒక మెయిలు ఉంది. దాన్ని ఎప్పుడైనా తెరిచి చూశారా? పాస్‌వర్డు మీ దగ్గరుందా? వాళ్ళు రాశారంటూ నేను రాసిన వ్యాసాలు చదివారా? అడగండి. ఈ రోజే అడగండి. సీటు వచ్చిన పిల్లకు రాలేదని చెప్పారిక్కడ. నా కళ్ళ ముందే చెప్పారు. నేనూ నోరు మూసుకున్నాను."

ఇప్పుడు లేస్తారు అనుకుంది రాతలక్క. ఎవరూ లేవలేదు. ఒకాయన చేతిలో కాగితం తిప్పి మళ్ళీ చదువుకున్నాడు. ముందు వరసలో కొడుకుతో కూర్చున్న ఒకావిడ విసుగ్గా అంది: "ఇప్పుడివన్నీ ఎందుకమ్మా? తరవాత టోకెను మాదే. పొద్దున ఏడింటి నుంచి కూర్చున్నాం. కాస్త జరుగు."

డైరెక్టరు వచ్చాడు. భుజం మీద చెయ్యి వేసినంత మెత్తగా, "ఈవిడకు వారం రోజులుగా ఒంట్లో బాగాలేదు. క్షమించాలి" అన్నాడు అందరితో. ఆమెతో మాత్రం పెదాలు కదలకుండా, "నువ్వు సంతకం పెట్టి పంపిన ఉత్తరం గురించి ఆ యూనివర్సిటీవాళ్ళు మాకు రాశారు. ఇక ఈ ఊళ్ళో ఏ ఆఫీసూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు" అన్నాడు.

"ఎక్కనివ్వకపోతే మంచిదే" అంది రాతలక్క. పక్కనున్న కుర్చీ మీద ఎవరిదో రంగుల కాగితం ఉంటే తీసుకుని, దాని వెనక తన ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఆ విసుక్కున్నావిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ వద్దనలేదు, చూడనూ లేదు. వాచ్‌మన్ వచ్చి మొహమాటంగా నిలబడితే, అతనికి శ్రమ లేకుండా తనే మెట్లు దిగింది.

ఎదురుగా బస్సు షెల్టరులో కూర్చుంది. అంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా లేవలేదు. వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎక్కువసేపు నిలవలేదు. మంగళవారం తను లేచిందా? ఆ రోజు ఆ పిల్ల కళ్ళలోకి చూసి బాగానే చెప్పావమ్మా అన్న మనిషికి, టోకెను పట్టుకుని కూర్చున్న తల్లిని అనే హక్కు ఎక్కడిది?

కాళ్ళ మేస్త్రి కూతురు ఇంకా కిందికి రాలేదు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోది వస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"నేనమ్మా, ఇందాకటి దాన్ని. జరుగమన్నాను చూడు, ఆవిడని." గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మా టోకెను వచ్చింది. లోపలికెళ్ళాం. ఊరికే అడిగి చూద్దామని మావాడి పాస్‌వర్డు ఇమ్మన్నాను. రేపు ఇస్తాం అన్నారు. ఎందుకండీ, ఇప్పుడే ఇవ్వచ్చుగా అంటే సిస్టం పని చెయ్యట్లేదన్నారు. ఎదురుగానే వెలుగుతోంది సిస్టం. మావాడి పేరు మీద ఉన్నది మావాడికివ్వడానికి రేపెందుకు?"

"లేవకండి" అంది రాతలక్క. తనకు తెలియకుండానే తను లేచి నిలబడింది. "ఇచ్చేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి."

"లేవలేదు. పక్క కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుని ఉంది, సర్టిఫికెట్లు ఇస్తేనే లేస్తానంటూ. నువ్వు చెప్పిన పిల్ల తనేనట కదా? అంతా చెప్పింది." కాసేపు ఎవరిదో గొంతు, కుర్చీ జరిపిన చప్పుడు. మళ్ళీ ఆవిడే: "బయటివాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు తొంగి చూస్తున్నారు. ఒకతను లోపలికొచ్చి వాళ్ళమ్మాయిదీ అడుగుతున్నాడు. పెద్దాయన అందరినీ టీ తాగి రమ్మంటున్నాడు."

"మీరేమన్నారు?"

"మేం టీ తాగం అన్నాను" అంది ఆవిడ. "ఉంటానమ్మా. ఇక్కడ పని ఉంది."